అడిగి విప్పే మూట

లంచ్ బాక్సులో మజ్జిగ పులుసు సర్దుతుంటే మా ఆయన లక్ష్మీకాంత్ షూ లేసు కట్టుకుంటూ చెప్పాడు. "మధూ, లలిత పురిటికి ఇక్కడికే వస్తోంది. టికెట్ తీసేశాను. ఈ నెలతో నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని నాన్నకి కూడా చెప్పేశాను." లలిత ఆయన చెల్లెలు. అత్తయ్య లేరు కాబట్టి ఆ పిల్లకి పుట్టిల్లంటే మా ఇల్లే, కాదనను. తనంటే నాకు ప్రేమే. కానీ పులుసు డబ్బా మూత గట్టిగా పెట్టావా అని రెండుసార్లు అడిగిన మనిషి, నా ఉద్యోగం సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. ఒళ్ళు మండింది. అయినా మూత గట్టిగానే పెట్టి పంపాను.

మా ఆఫీసు చీరల డిజైన్ ఫైళ్ళను మూటకట్టి దాచే ప్రోగ్రాం చేస్తుంది. నల్ల తెర మీద ఒక మాట టైప్ చేస్తే కడుతుంది, ఇంకో మాటకి విప్పుతుంది. ఏ పనికి ఏ మాట ఉండాలో తేల్చడం నా పని. మేముండే ఈ సూరత్‌లో మిల్లులవాళ్ళు రంగులు ఎన్ని మార్చినా ఫైలుకి వ్యాపారి పేరే పెడతారు. ఊరి శివార్లలో, కడోదరాలో ఒక మిల్లులో డిజైన్లు చూసే ముత్యం పాత మూట విప్పేసరికి, అవే పేర్లున్న కొత్త ఫైళ్ళన్నీ పోయాయి. పదకొండు రోజుల పని. "వాడేవాడికి ఆమాత్రం తెలియొద్దూ?" అన్నాడు మా మేనేజరు. నేను ముత్యానికే ఫోన్ చేశాను.

"పాతయి కొత్తయాటి మీద పడుతున్నయని ఒక్క మాట అడిగితే వద్దంటుంటి గదక్కా. సేఠ్ నన్నే తిడుతుండు," అన్నాడు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మిల్లు గొడవలకి ఏడ్చే మనిషిని కాను. సాయంత్రం దాకా కూర్చుని మార్చాను. విప్పే మాట పక్కన ఒక్క అక్షరం పడితే చాలు, అడక్కుండా ఉన్న ఫైళ్ళను తుడిచేసే పద్ధతి తీసేశాను, వేలు జారినా అక్షరం పడుతుంది కదా. ఇక 'ఓవర్‌రైట్' అని పూర్తిగా టైప్ చేస్తే తప్ప ఏ ఫైలూ పోదు. లేదంటే ఆగి అడుగుతుంది.

"ఊరికే జనాన్ని సతాయిస్తుంది," అన్నాడు మేనేజరు.

"సతాయించనివ్వండి," అన్నాను.

ఇంటికెళ్ళే బస్సులో లలితకి ఫోన్ చేశాను. రావద్దనడానికి కాదు. ఉద్యోగం మానను, పొద్దున సాయంత్రం నేనుంటాను, పగటికి మనిషిని పెడదాం అని చెప్పాను.

"వదినా, టికెట్ ఫోన్లో వచ్చేదాకా నాకూ తెలీదు. నాకిక్కడి డాక్టరమ్మ దగ్గరే ధైర్యం. అన్నయ్యకి చెప్పలేక బట్టలు సర్దుకుంటున్నా."

"అయితే టికెట్ ఉంచుకుంటావా, రద్దు చేసుకుంటావా?"

"నువ్వేమంటావ్ వదినా?"

"నేనేమీ అనను. నిన్నే అడుగుతున్నా."