ఏరియల్ మీద తడి దుప్పటి

మామగారి పోరు పడలేక కోడలు కంప్యూటర్లో ఇంటర్నెట్ రేడియో పెట్టింది. పాట శుభ్రంగా వస్తున్నా ఆయన పెదవి విరిచాడు.

"ఏరియల్ లేని రేడియోని నేను నమ్మనమ్మా!"

కంప్యూటర్‌కి రాగితీగ చుట్టి, రెండో కొస తీసుకెళ్లి పెరటి గోడకు కట్టాడు.

"దీనికి తీగ అక్కర్లేదు మామయ్యా, ఎన్నిసార్లు చెప్పను?" అని విసుక్కుని, ఎలాగూ పనికిరాని తీగేనని కోడలు దానిమీద తడి దుప్పటి ఆరేసింది.

పాట ఆగిపోయింది. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న అనౌన్సర్ ఒకటే తుమ్ములు.

"క్షమించాలి శ్రోతలూ... హాచ్! ఆ దుప్పటి తీసేయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

కోడలు ఒక్క పరుగున వెళ్లి దుప్పటి లాగేసింది. తీగని కొంగుతో పొడిగా తుడిచింది. మామగారు నోరు తెరిచేలోపే తనే అడిగింది.

"మామయ్యా, పాపం, ఆయనకి కాస్త ఎండ తగిలేలా తీగ ఇటు జరపనా?"