నీళ్ళు బాగానే ఉన్నాయి

ఏడా ఎనిమిదా, ఏడో చుక్కకే ఆకుపచ్చ పోయి ఎరుపు తిరిగిందా, లేక సీసా కదిపేటప్పుడు ఇంకొకటి జారి ఎనిమిదయిందా, లెక్క తప్పింది, పక్కన మెట్టు మీద కూర్చుని తొమ్మిది, పదకొండు, నాలుగు అని దొంగలెక్క చెప్పి నన్ను తికమక పెట్టే మనిషి లేకపోయినా తప్పింది, పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి, స్విమ్మింగ్ పూల్లోకి పంపు నీళ్ళు వదిలే గొట్టానికి దూరంగా, మోచేయి మునిగేంత లోతున సీసాను బోర్లా ముంచి అక్కడ తిప్పి నింపాలి, పైపై నీళ్ళు పట్టి చూస్తే పైపై సంగతే తెలుస్తుంది, ఈ మాట ఆమెకు ఏటా చెప్పేవాణ్ణి, ఆమె ఏటా సరే కాంపౌండరుగారూ అనేది, నీళ్ళకి జ్వరం తగ్గిందా కాంపౌండరుగారూ, ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయిన మొగుణ్ణి పట్టుకుని కాంపౌండరు అనేది, ఒకటి, రెండు, మూడు, చేతికి చలి మోచేతి దాకా ఎక్కింది, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎరుపు, ఏడే, చుక్కకి పది చొప్పున క్షారం డెబ్బయి, వంద ఉండాలి, సోడా వేయాలి, ముందు రాసుకోవాలి.

నోటుబుక్కు తెరిస్తే కిందటేడాది పేజీలే తెరుచుకుంటాయి, వెన్ను అక్కడ విరిగింది, అన్నిసార్లు తెరిచాను వాటిని, తేదీ, క్షారం, ఆమ్లం, క్లోరిన్, ఈ నాలుగు గళ్ళూ మామూలువి, అయిదో గడి నేను స్కేలు పెట్టి గీసింది, పైన కళ్ళు అని రాసింది, కింద ఎరుపు, ఎరుపు, కొంచెం ఎరుపు, ఎరుపు, పేజీ నిండా, పూల్ తెరిచిన రెండో వారంలో మొదలై మళ్ళీ కప్పేసే రోజు దాకా, ఆమె రోజూ పొద్దున మోకాళ్ళ కోసం నలభై నిమిషాలు ఈదేది, మెట్లెక్కి వచ్చి తువ్వాలు అందుకునేటప్పటికి కళ్ళు రెండూ ఎర్రగా ఉండేవి, నేను సీసాలు తీసేవాణ్ణి, క్లోరిన్ తగ్గించాను, పెంచాను, ఫిల్టరులో ఇసుక మార్చాను, మూడోవంతు నీళ్ళు తోడి కొత్తవి పట్టాను, గళ్ళలో అంకెలు ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఉన్నాయి, కళ్ళ గడి మారలేదు, నీళ్ళు బాగానే ఉన్నాయండీ, ఊరికే కెలక్కండి అని ఆమె అంటే నీకేం తెలుసు ఊరుకో అన్నాను, ఇప్పుడు కూతురేమో ఇంకోలా అంటోంది, ఆదివారం పిల్లని తీసుకొస్తాను, దిగుతానని గొడవ చేస్తోంది, ఈసారి నీళ్ళు షాపులో చూపించు నాన్నా, నీ చుక్కల్ని నమ్ముకోకు, అమ్మ కళ్ళు ఎలా ఉండేవో గుర్తుందిగా, నిష్ఠూరంగా అనలేదు, పాలు తెచ్చావా అన్నట్టు అంది, ఆ ఆరేళ్ళ పిల్లకి ఈత మొదలుపెట్టించింది అమ్మమ్మే, చేతులు వదిలి తేలడం దాకా వచ్చింది, మిగతాది వచ్చే ఏడాది అంది, పిల్ల ఆ మాట మరిచిపోలేదు, దాని కళ్ళు కూడా ఎర్రబడితే, నా నీళ్ళ వల్లే ఆమె ఆఖరి వేసవి అలా గడిచి ఉంటే, అది తేలకుండా పిల్లని దింపను.

పూల్ మీద కప్పిన టార్పాలిన్ తీయడం ఇద్దరు చేసే పని, దుప్పటి మడతపెట్టినట్టు ఆ కొస ఆమె, ఈ కొస నేను, ఒకరివైపు ఒకరం నడిచి మూలలు కలిపి ఆమె చేతిలో కొసలు నా చేతిలో పెట్టి మళ్ళీ వెనక్కి వెళ్ళేది, మొన్న ఆ కొసను కుర్చీకి కట్టాను, కుర్చీ నీళ్ళలో పడింది, కప్పడం కూడా ఇద్దరి పనే, కిందటిసారి కప్పి ఆఖరి తాడు బిగించాక చేతులు దులుపుకుని చెప్పింది, కడుపులో గడ్డ ఉందట, ముదిరిందట, కోసి లాభం లేదట, ట అంటూ చెప్పింది, ఎవరో పక్కింటావిడ సంగతి చెప్పినట్టు, ఎప్పటినుంచి అంటే ఈమధ్యే తెలిసింది అంది, డాక్టరు ఎవరు, ఎక్కడ, ఎవరు వెంట వచ్చారు అని అన్నీ అడిగాను, ఈమధ్యే అంటే ఎప్పుడో అడగలేదు, చలికాలం సగంలో ఆమె పోయింది, బీరువా సర్దుతూ కూతురు ఆస్పత్రి ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది, మొదటి కాగితం మీద తేదీ చూశాను, ముప్పై ఏళ్ళు కాటాల మీద ముద్ర తేదీలు చూసిన కన్ను దేన్నయినా తేదీతోనే మొదలుపెడుతుంది, చూశాను, మూసి మళ్ళీ బీరువాలోనే పెట్టాను.

పూల్ మందుల దుకాణం ఆవిడ నన్ను చూడగానే కాటా మీద గుడ్డ కప్పింది, రిటైరయినా వదలరా ఇన్‌స్పెక్టరుగారూ అంది, ఉద్యోగంలో ఉండగా ఆ కాటా ఇరవై గ్రాములు తప్పు చూపిస్తోందని సీలు వేశాను, తప్పు కొనేవాడికి లాభంగా ఉంది, నష్టం నాకే కదండీ, దానికీ కేసేనా అని అప్పుడు అడిగింది, ఇప్పటికీ అదే అడుగుతుంది, నేను నా చుక్కల మందు సీసాలు బల్ల మీద పెట్టాను, కిందటేడాదివి, కొత్తవి ఇవ్వకండి, ఇవి నిజం చెబుతున్నాయో లేదో చూడాలి అన్నాను, తెచ్చిన నీళ్ళు మెషీన్లో పోసింది, క్షారం డెబ్బయి, నా లెక్కే, ఆమ్లం కొలత ఏడు పాయింట్ ఎనిమిది, నాదీ అంతే, క్లోరిన్ సున్నా, తెరిచిన వారం కాబట్టి ఉండదు, సున్నాతో ఏం తేలుతుంది, రాయి వేయని కాటా ఎప్పుడూ నిజమే చెబుతుంది, మీ దగ్గర బలం ముందే తెలిసిన నీళ్ళు ఉంటాయి కదా, మెషీన్ని సరిచూసుకునేవి, అవి కావాలన్నాను, మాకు ముద్ర రాళ్ళు ఉన్నట్టు వాళ్ళకి ఆ నీళ్ళు, ఆవిడ విసుక్కోకుండా తెచ్చింది, చిన్న సీసా మీద రెండు అని రాసి ఉంది, నా గొట్టంలో పోసి నా చుక్కలు వేశాను, గులాబీ రంగు తిరిగింది, కార్డు పక్కన పెట్టి చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను, ఒకటి అయితే బాగుండును, నాలుగు అయితే బాగుండును, ఉద్యోగంలో ఏ రోజూ ఏ కాటా తప్పాలని కోరుకోలేదు, ఈ రోజు కోరుకున్నాను, సీసాలు పాడయ్యాయి ఇన్‌స్పెక్టరుగారూ, నిరుడంతా మీరు తప్పు చూశారు అని ఆవిడ అంటే ఇంటికి వెళ్ళి తప్పు నాదని రాసుకుని ఏడుద్దును, రెండు, కచ్చితంగా రెండు, మీ సీసాలు ముసలివే గానీ అబద్ధం చెప్పడంలేదు, ఏడాది తర్వాత ఇలా ఉంటే నిరుడు ఇంకా బాగుండేవి అంది ఆవిడ, సోడా సంచీ కట్టిస్తూ, అవునూ అమ్మగారి కళ్ళు తగ్గాయా అని అడిగింది, ఆ కళ్ళ గురించి నేను మూడుసార్లు వచ్చాను కదా, గుర్తుంది ఆవిడకి, తగ్గాయన్నాను.

సోడా రెండున్నర కిలోలు, యాభైవేల లీటర్లకి ముప్పై పెరగాలంటే అంతే పడుతుంది, వంటింట్లో వాడేదే, బకెట్లో కలిపి లోతు వైపు నుంచి చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెంగా పోయాలి, పంపు ఆరు గంటలు తిప్పాలి, మళ్ళీ చూడాలి, తర్వాత ఆమ్లం, అన్నిటికన్నా చివర క్లోరిన్, అది కూడా ఎండ తగ్గాక, వరస తప్పితే ఒకదాన్ని ఇంకొకటి తినేస్తుంది, క్లోరిన్ ముందు వేసేస్తే ఏమవుతుందండీ, ఒక్కరోజు ముందు దిగొచ్చు కదా అని ఏటా అడిగేది, తెలిసీ అడిగేది, నేను మొదటినుంచీ చెప్పుకుపోతుంటే కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ వినేది, ఇప్పుడు పోస్తున్నాను, తెల్లగా మబ్బులా దిగి కనిపించకుండా పోతోంది, అడుగున టైల్సు మీద గీతలు మళ్ళీ తేలాయి, పంపు చప్పుడు, నీళ్ళలో తప్పు లేదు, చుక్కల్లో తప్పు లేదు, లెక్కలో తప్పు లేదు, పిల్ల ఆదివారం దిగొచ్చు, కూతురికి ఫోన్ చేసి చెప్పొచ్చు, మెషీన్‌తో కూడా చూపించానమ్మా అని చెప్పొచ్చు, అమ్మ కళ్ళ సంగతో అంటే, నాన్నా మరి అమ్మ కళ్ళెందుకు, అని అది అడిగితే.

బకెట్ పెట్టడానికి సామాన్ల గదిలోకి వెళితే మేకుకి ఈత కళ్ళద్దాలు, నీలం పట్టీవి, నేను కొన్నవి, నీళ్ళు కళ్ళకి తగలకపోతే ఎలా ఎర్రబడతాయో చూద్దామని కొన్నాను, రెండు రోజులు పెట్టుకుంది, మొదటిరోజు తీసి చూపించింది, అడుగున నీళ్ళు, లోపల చేరుతున్నాయండీ అంది, పట్టీ ఒక మెట్టు బిగించాను, రెండోరోజూ చేరాయి, అప్పుడు నేను ఇన్‌స్పెక్టరు చేసే పనే చేశాను, లోపల కాగితం ముక్కలు పెట్టి, కళ్ళద్దాలు స్టీలు పళ్ళేనికి అదిమి కట్టి, బకెట్లో ముంచి, గడియారం పెట్టుకుని పదిహేను నిమిషాలు ఉంచాను, తీస్తే కాగితం పొడిగా ఉంది, తీసుకెళ్ళి ఆమెకి చూపించాను, చూడు, చుక్క దిగలేదు, కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి, నువ్వే సరిగ్గా పెట్టుకోవడంలేదు, ఆమె కాగితం ముక్క చేతిలోకి తీసుకుంది, రెండు వేళ్ళతో పొడిగా ఉందో లేదో నలిపి చూసింది, నా మొహంలోకి చూసింది, ఇంకేమైనా అంటానేమోనని చూసిందని ఇప్పుడు తెలుస్తోంది, నేను పట్టీ గురించి చెప్పాను, అంతే అయ్యుంటుందిలెండి అని తెచ్చి ఈ మేకుకి తగిలించింది, మళ్ళీ పెట్టుకోలేదు, పళ్ళేనికి కడితే చుక్క దిగలేదు, ఆమె పెట్టుకుంటే అడుగు నిండింది, బయటి నుంచి దిగనప్పుడు లోపలివి ఎక్కడివి, మెట్టు మీద కూర్చున్నాను, ఆమె కూర్చునే మెట్టు, నోటుబుక్కు ఒళ్ళో ఉంది, తెరవక్కర్లేదు, మొదటి ఎరుపు ఏ రోజో తెలుసు, తొమ్మిదో తారీకు, బీరువాలో ఫైలు కూడా తెరవక్కర్లేదు, మొదటి కాగితం ఏడో తారీకుది, అదే నెల, ఈమధ్యే కాదు, నాలుగున్నర నెలలు, ఇంట్లో ఏడిస్తే నేను చూస్తానని నీళ్ళలోకి వెళ్ళింది, మొహం తడిసి ఉంటే ఎవరూ ఏమీ అడగరని వెళ్ళింది, నలభై నిమిషాలు, రోజూ, ఆ కొస నుంచి ఈ కొసకి, ఈ కొసన నేను నిలబడి అదే నీళ్ళలో సీసా ముంచి చుక్కలు లెక్కపెట్టాను, అయిదో గడి గీశాను, ఎరుపు అని రాశాను, దాని పక్కన అంకెలే వెతికాను, నీళ్ళు బాగానే ఉన్నాయని ఆమె చెబుతూనే ఉంది, మరి నీకేమయిందని నేను ఒక్కరోజూ అడగలేదు.