గుండ్రంగా మారిన కణాలు

ముందు వాసన వచ్చింది.

వార్డు తలుపు తియ్యగానే, ఫినాయిల్ కిందనుంచి, మందుల కిందనుంచి... తడిసిన గుర్రపుశాల లాంటి వాసన. కాస్త తియ్యగా, మురుగ్గా, గొంతుకు అంటుకునేలా.

ఆ వాసన ఆమెకు తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు. ప్రయోగశాలలో, గాలి చొరని పెట్టెలో ఆ సూక్ష్మజీవిని పెంచేది ఆమే. పేగులో కూర్చుని అది కక్కే విషం మీద థీసిస్ రాసింది ఆమే.

అయినా మూడు రోజులు గుర్తుపట్టలేదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

మంచం మీద ఉన్నది మేనత్త. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. తల్లి లేని మేనకోడల్ని టికెట్ల సంచీ పక్కన కూర్చోబెట్టుకుని పెంచిన మనిషి. మోకాలి ఆపరేషన్‌కి వచ్చింది. మోకాలు బాగానే కుదిరింది. కాస్త దగ్గొచ్చిందని యాంటీబయాటిక్ పెట్టారు. అది చాలదని ఇంకొకటి. ఆ తర్వాత కడుపు కదిలింది. ఇక ఆగలేదు.

"ఇవాళ పదకొండు స్టాపులే," అంది అత్త బాత్‌రూమ్ నుంచి వచ్చి మంచమెక్కుతూ, నవ్వబోయి. "ఎక్స్‌ప్రెస్ అనుకుని ఎక్కాను. ఇది ఆర్డినరీ బండి."

తిండి పడలేదంది నర్సు. డ్యూటీ డాక్టరు విరేచనాలు కట్టే మాత్ర రాశాడు.

కట్టే మాత్ర!

లోపల విషం ఉండగా బయట గడియ పెట్టడం.

నాలుగో రోజు పొద్దున దుప్పటి మారుస్తుంటే తెలిసింది. చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

"అత్తా... నీకేమైందో నాకు తెలుసు."

"తెలిస్తే ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావే, సైంటిస్టూ?"

అత్త ఊరికే అంది. ఊరికే అన్న మాటే ఎముకలో దిగింది.

ఆ టెస్టు తమ దగ్గర లేదన్నాడు డాక్టరు. బయటికి పంపితే వారమన్నాడు. ఆమె మూత బిగించిన డబ్బాలో మలం నమూనా పట్టుకుని తన ల్యాబుకు నడిచింది. యంత్రంలో పెట్టి గిర్రున తిప్పింది. వడకట్టింది. ఆ నీటిని ల్యాబులో పెంచిన కణాల మీద ఒక చుక్క వేసింది.

పలక మీద కణాలు ఆకుల్లా ఉంటాయి. చేతులు చాచి, ఒకదాన్నొకటి పట్టుకుని, పరుచుకుని...

మర్నాడు పొద్దున చూస్తే ఒక్క ఆకూ లేదు.

చేతులు ముడుచుకున్నాయి. పక్కదాన్ని వదిలేశాయి. అన్నీ గుండ్రంగా, విడివిడిగా, రాలడానికి సిద్ధంగా.

అదే పలకలో, ఆ విషానికి విరుగుడు కలిపిన చిన్న గుంటలో మాత్రం ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. ఇక అనుమానం లేదు.

ఆ దృశ్యాన్ని ఆమె వెయ్యిసార్లు ఫొటో తీసి ఉంటుంది. తీసిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒకటే మాట — ఫలితం బాగుంది.

బాగుంది!

ల్యాబు పెద్దాయన వంగి సూక్ష్మదర్శినిలోకి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఇంత విషం కక్కేది మన దగ్గర లేదమ్మా. వెంటనే ఫ్రీజర్లో పెట్టు. మంచి పేపరవుతుంది."

"అది మా అత్త, సార్."

ఆయన మొహం మాడింది. అయ్యో అన్నాడు, అదికాదమ్మా అన్నాడు, గుమ్మందాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు.

"అయినా... ఫ్రీజర్లో మాత్రం పెట్టు."

కోపం అరికాలినుంచి లేచింది. ఆయన మీద లేచింది, తిరిగి తన మీదే పడింది. నిన్నటిదాకా తనూ అదే అనేది.

ఆసుపత్రి సూపరింటెండెంటు ఆమె రాసిచ్చిన రిపోర్టు కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. వెనక్కి తోశాడు.

"మీ ల్యాబు రిపోర్టు మాకు చెల్లదండీ. ఇది రికార్డుకెక్కితే వార్డు మూసెయ్యాలి. పన్నెండు మంచాలు. వీళ్లనెక్కడికి పంపమంటారు?" తర్వాత గొంతు తగ్గించాడు. "మందు మార్పిస్తాను. కాగితం మాత్రం అడక్కండి."

అంటే నమ్మాడు.

నమ్మాడు — రాయడు.

మందు మారింది. అత్తకు స్టాపులు తగ్గాయి. పదకొండు ఏడయింది. ఏడు మూడయింది.

పక్క మంచం మీద దర్జీ ఆవిడ ఉంది. యాభై రెండేళ్లు. పిత్తాశయంలో రాళ్లని వచ్చింది. తెగిన ఆసుపత్రి గౌను నాడాలు అత్తకు కుట్టి పెట్టింది ఆవిడే. అదే బాత్‌రూమ్. అదే తుడుపు గుడ్డ. చేతికి జెల్ రాసుకుని ఈ మంచం నుంచి ఆ మంచానికి నడిచే అవే చేతులు.

ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుని గింజలా పడి ఉంటుంది. జెల్‌కి చావదు. చేతులకు సబ్బూ నీళ్లూ. మంచాలకు బ్లీచింగ్. అంతే. ఆమె ఈ మాట నర్సుకు చెప్పింది. డాక్టరుకు చెప్పింది. గోడకు చెప్పినా ఒకటే.

దర్జీ ఆవిడకు కడుపు కదిలింది. అత్తకిచ్చిన మందే ఆవిడకూ ఇమ్మని ఆమె అడిగింది.

"ఆవిడకి టెస్టు ఏదండీ? మీ ల్యాబుది చెల్లదుగా," అన్నాడు డాక్టరు. టెస్టు లేదు. టెస్టు లేదు కాబట్టి జబ్బూ లేదు.

ఆమె దర్జీ ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుని చెప్పింది. అతను తలగోక్కున్నాడు. "పెద్ద డాక్టర్లకి తెలీదాండీ?"

కడుపు కదిలిన ఐదో రోజు ఆవిడకు విరేచనాలు ఆగిపోయాయి. తగ్గిందని అందరూ సంతోషించారు. తమ్ముడు నవ్వాడు.

ఆమె దుప్పటి తీసి చూసింది. పొట్ట డప్పులా బిగిసి ఉంది.

తగ్గలేదు. పేగు చచ్చుబడింది.

వరండా అదిరేలా అరిచింది. జీవితంలో అంత గట్టిగా అరవలేదు. అప్పుడు పరిగెత్తారు. అప్పుడు స్ట్రెచర్ తెచ్చారు. ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకున్నాయి. దర్జీ ఆవిడ మళ్లీ రాలేదు.

గుండె ఆగి మరణం — అని రాశారు.

గుండె ఆగకుండా చచ్చిపోయినవాళ్లెవరు ఈ లోకంలో?

మర్నాడు పొద్దున ఆమె బకెట్టూ బ్లీచింగూ తెచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని ఖాళీ మంచం ముందు కూర్చుంది. చువ్వలు కడిగింది. చక్రాలు కడిగింది. కోపాన్నంతా గుడ్డలో పెట్టి రుద్దింది.

"నాకూ ఓ గుడ్డ ఇలా పడెయ్," అంది అత్త. "కాలు ఒక్కటే కదా కోసింది."

వార్డు ఆయా గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. వెళ్లి ఇంకో బకెట్టు తెచ్చింది.

"ఒకే గుడ్డతో పన్నెండు మంచాలూ తుడవమన్నారమ్మా. నాకెవరు చెప్పారు?"

ముగ్గురూ రుద్దారు. ఘాటు కళ్లలోకి ఎక్కింది.

చక్రాల కుర్చీ చప్పుడు. ఒళ్లో సంచీ పట్టుకుని ఎవరో కొత్త పేషెంటు, పెద్దావిడ. వెనక నర్సు, చేతిలో ఉతికిన దుప్పటి.

"జరగండి మేడమ్. బెడ్ ఇచ్చేశారు."

"బ్లీచింగు పది నిమిషాలు తడిగా ఉండాలి. ఆగండి."

"పైనుంచి ఆర్డరండీ."

ఆమె జరగలేదు. మంచానికి అడ్డంగా నిలబడింది. తొడుగుల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి... బొట్టు, బొట్టు.

పెద్దావిడ అందరి మొహాలూ చూసింది.

"ఏమ్మా, ఈ మంచానికేమైంది?"

నర్సు కిటికీ కేసి చూసింది.

ఆమె తొడుగులు విప్పింది. పెద్దావిడ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.