గౌరికి నచ్చని జుట్టు

నా ఉంగరాల జుట్టును చూసి పుట్టింట్లోనూ నవ్వారు, మెట్టినింట్లోనూ నవ్వారు. రెండూ గొర్రెలు మేపే ఇళ్లే కాబట్టి పోలిక కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేకపోయింది. దువ్వెన పళ్లు విరిగేవి గానీ జడ జానెడు దాటి కనపడేది కాదు. అందుకే ఎనభై ఆరులో, బెంగళూరు బ్యూటీపార్లర్లో పనిచేసే మా ఆడబిడ్డ శారదమ్మ రమ్మనగానే, పొద్దున పాలు పిండేసి శాంతిపురంలో బస్సెక్కాను.

ఏదో మందు రాసి, జుట్టును పాయలు పాయలుగా అట్టముక్కలకు అంటించి, గంటసేపు నన్ను కదలనివ్వలేదు. ఆ ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారాయి. అయితేనేం, జుట్టు నడుము దాకా సాపుగా జారింది. ముప్పై ఏళ్లకు మొదటిసారి అద్దంలో నాకు నేనే బాగున్నాననిపించింది. మూడు రోజులు తల తడపొద్దని చెప్పి పంపించింది శారదమ్మ.

చీకటిపడే వేళకు ఇల్లు చేరి, చెంబు పట్టుకుని గౌరి దగ్గర కూర్చున్నాను. దూడ చచ్చిన ఆవు అది. నేను దాని డొక్కకు తల ఆనించి కూర్చుంటేనే పాలు చేపేది. ఇంకెవరు పోయినా బిగబట్టేది. ఆ రోజు నా తల వాసన చూసింది, బుస్సుమంది, చెంబును తన్నింది.

మరునాడు తలకు గుడ్డ చుట్టుకుని పోయాను. మళ్లీ తన్నింది. శారదమ్మ మాట పక్కనబెట్టి సీకాయతో తలంటుకున్నాను. తడిసేసరికి ఆ కంపు రెట్టింపైంది. నా బదులు మా అత్త పిండి చూసింది. నా మొగుడు నారాయణప్ప దాని కాళ్లకు తాడు కట్టి మరీ కూర్చున్నాడు. చెంబు అడుగు కూడా తడవలేదు. మూడో రోజుకు పొదుగు రాయిలా గట్టిపడింది. ఇంకో పూట ఇట్లాగే ఉంటే పొదుగు పాడై ఆవు దక్కదని అత్త తేల్చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవు మీద, ఆ మందు మీద, అన్నిటికన్నా నన్ను ఒక్క మాటా అనకుండా నా తలవైపే చూస్తూ కూర్చున్న ఆ ఇద్దరి మీద. ఏదైనా అని ఉంటే నేనూ తిరిగి అరిచేదాన్ని.

కత్తెర నేనే తెచ్చుకున్నాను. మెడ దాకా కాదు, మాడు దాకా కత్తిరించేసుకున్నాను. ఊరికి తిరుపతి మొక్కు అని చెబుదామంది అత్త. స్నానం చేసి పోయి బోడితల ఆనించాను. గౌరి వాసన చూసి, నా భుజం నాకింది. చెంబు నిండింది.

నారాయణప్ప చెంబు అందుకుంటూ, పాపం, ఓదార్చబోయాడు.

"బాధపడాకు. జుట్టు మళ్లా వస్తాది."

"వస్తాది," అన్నాను. "మళ్లా ఆ జుట్టే వస్తాది."