గొంతు లేని రెండో పాట

నేను ఒక సింగిల్‌ని. అంటే ఒకే ఒక్క పాట కోసం పుట్టిన సీడీని, అరచేతిలో ఇమిడేటంత చిన్నదాన్ని. జపాన్‌లోని నీగాతాలో నలుగురు కుర్రాళ్ళ రాక్ బ్యాండ్ నన్ను విడుదల చేసింది. పాడినవాడు మినోరు. మా దేశంలో నాలాంటివాటికి ఒక ఆనవాయితీ ఉంది. మొదట పాట ఉంటుంది. దాని వెనకే, గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచిన అదే పాట, ఇంట్లో పాడుకుని ముచ్చట తీర్చుకునేవాళ్ళ కోసం. మనుషులకు వినడం కంటే పాడటం మీదే మోజెక్కువ.

మినోరు తల్లి ఫుసాఎది చిన్న క్షౌరశాల. కొడుకు కత్తెర వదిలేసి మైకు పట్టుకున్నాడని అలిగి, అతని పాట ఒక్కటీ వినలేదు. అంత పంతం మనిషి. పదిహేనేళ్ళ తర్వాత మినోరుకి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది. నన్ను జేబులో వేసుకుని తల్లి దగ్గరికే వచ్చాడు.

దుకాణంలో రోజూ నన్ను ప్లేయర్లో పెట్టేవాడు, రెండో పాట మాత్రమే. తన గొంతు వినే ధైర్యం అతనికి లేదు.

"ఇందులో నువ్వు పాడిందేమీ లేదా?" అని ఓ రోజు ఫుసాఎ అడిగింది.

"లేదు" అని కాగితం మీద రాసిచ్చాడు.

ఆమె నమ్మేసింది. కొడుకు గొంతు ఇక ఈ జన్మకి వినలేనని ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ గొంతు నాలోనే ఉంది. కానీ నా అంతట నేను తిరగలేను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మినోరు పరీక్షలకని ఆసుపత్రికి వెళ్ళిన రోజు, దుకాణం ఊడుస్తూ ఆమే మీట నొక్కింది. నేను మొదటి పాట నుంచి మొదలయ్యాను. ఆమె చీపురు వదిలేసి కుర్చీలో కూలబడింది. అతను వచ్చేసరికి అదే పాట ఐదోసారి పాడుతున్నాను. గబగబా ఆపబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీరా. అప్పుడు నేను విననన్నాను. ఇప్పుడు నువ్వు విననివ్వకపోతే ఎలా?"

పాట అయ్యేదాకా అతను తల్లి ముఖమే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కాగితం తీసి "ఎలా ఉంది?" అని రాశాడు.

ఆమె చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"చివర్లో నీకు ఊపిరి అందలేదు. ఆ రోజుల్లో సరిగ్గా తినేవాడివి కాదు కదూ."

నన్ను కొన్న అభిమానుల్లో ఒక్కరూ ఆ సంగతి పట్టుకోలేదు.