ఎవరి బండి, ఎవరి బ్రేకు

నా మొదటి బండి నాది కాదు. మా అన్నయ్య ఏళ్ళ తరబడి నడిపి, విసుగెత్తి, నాకు వదిలేసిన నల్ల మోటారుసైకిలు అది. ఆ తరువాత కొన్నాళ్ళు నేను నడిపింది అన్నయ్యది కూడా కాదు. ఎన్నాళ్ళన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. నేను నాలుగు రోజులంటాను, అన్నయ్య వారం అంటాడు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో పని. ఫ్రేములో ఇమిడేలా అద్దాల అంచులు సానరాయి మీద అరగదీయాలి. సాయంత్రం బయటికి వచ్చేసరికి ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టేది. దుకాణం పక్క గోడ వారగా బళ్ళన్నీ వరసగా నిలబెట్టేవాళ్ళు. మా బండి తాళంచెవి పళ్ళన్నీ అరిగిపోయి చెంచా కాడలా ఉండేది. ఏడెనిమిది సార్లు తన్నితే గానీ ఇంజను లేచేది కాదు. నాకు చెమటలు, చూసేవాళ్ళకు కాలక్షేపం.

ఒక సాయంత్రం ఒక్క తన్నుకే లేచింది. ఇంకా ఆరు తన్నులకు సిద్ధంగా ఉన్న కాలును ఏం చేసుకోవాలో తెలియక పడబోయి నిలదొక్కుకున్నాను.

మా వీధి మొదట్లో ఒక మెకానిక్ ఉండేవాడు. చుట్టం కాకపోయినా బాబాయ్ అనేవాళ్ళం. బండి చూడమని రెండు వారాలుగా ఆయన ప్రాణం తీస్తున్నాను. దుకాణం వైపు వచ్చినప్పుడు చూసి ఉంటాడనుకుని, దారిలో ఆగాను.

"థాంక్స్ బాబాయ్! భలే చేశావ్ బండి."

ఆయన ఒక స్కూటరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. తల కూడా బయటికి పెట్టలేదు.

"ఆఁ, సరేలేమ్మా."

ఇక అనుమానం ఎందుకొస్తుంది? సీటు మెత్తగా అనిపిస్తే బాబాయ్ చలవే అనుకున్నాను. పక్క అద్దంలో రోడ్డుకు బదులు నా భుజం కనబడుతుంటే, ఆయనే కదిపి ఉంటాడనుకున్నాను. మర్నాడు పక్క డబ్బా తెరిస్తే మాత్రం ఒళ్ళు మండింది. అందులో ఎర్ర అక్షరం రాసిన చిన్న బోర్డు ఉంది, డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు కారుకు తగిలించుకునేది. అన్నయ్య నన్ను ఆట పట్టించడానికి పెట్టాడని తేల్చేసుకుని, వాడితో మాటలు మానేశాను.

పాపం వాడికేం తెలుసు! వంటింట్లో మంచినీళ్ళడిగితే గ్లాసు ఠపీమని పెట్టి పోయేదాన్ని. చివరికి అమ్మ ఇద్దరినీ నిలబెట్టి అడిగింది. నేను వాడిని బండి దగ్గరికి లాక్కెళ్ళి బోర్డు చూపించాను. వాడు బోర్డు వైపు చూడనే లేదు.

"ఇదెవరి బండే?"

"మనదే."

"ట్యాంకు మీద సొట్టేదీ?"

"బాబాయ్ తీసేశాడేమో."

"తీసేసి, కొత్త నంబరు కూడా రాశాడా?"

నేను నంబరు వైపు చూశాను. నిజం చెప్పాలంటే, మా బండి నంబరేమిటో నాకు అంతవరకూ తెలియదు.

అమ్మ గుమ్మంలోనే కూలబడింది. "అంటే ఇప్పుడు మనం దొంగలమా?"

బాబాయిని పిలిపించాం. "నేను ముట్టుకోనే లేదు," అన్నాడు.

"మరి థాంక్స్ చెబితే తీసుకున్నావుగా!"

"నువ్వు చెప్పావ్. ఎప్పుడో ఏదో చేసుంటాలే అనుకున్నా."

బోర్డు వెనక డ్రైవింగు స్కూలు ఫోన్ నంబరుంది. అన్నయ్య ఫోన్ చేశాడు. మర్నాడు దుకాణం ముందుకు మా బండి మీద ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, భారీ మనిషి, గొంతూ అంతే. ఆ స్కూలు నడిపే టీచర్. ఆమెను చూడగానే క్షమించమని చెప్పడానికి రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

"నువ్వేనా? దీన్ని తన్ని తన్ని నా మోకాలు పోయింది. బండికేమొచ్చిందో తెలీక నిన్ననే కార్బ్యురేటర్ కడిగించి, ప్లగ్గు మార్పించా. ఎవరి బండికి చేయించానో చూడు!" అని పెద్దగా నవ్వింది. తన తాళంచెవి తీసి మా బండికి పెట్టి చూసింది, మాది తన బండికి పెట్టింది. ఒకే కంపెనీ, ఒకే నలుపు, ఒకేలా అరిగిన తాళాలు; రెండూ తిరిగాయి. "నీ నంబరు నువ్వు చూసుకోలేదు, నాది నేనూ చూసుకోలేదు. సరిపోయింది."

ఆ సాయంత్రం మా బండి కూడా ఒక్క తన్నుకే లేచింది. నాకు భయం వేసింది. దిగి సొట్ట తడిమి చూసుకుని, మళ్ళీ ఎక్కాను. ఆ తరువాత ఎన్నాళ్ళు నడిపినా వేరేవాళ్ళ బండి మీద కూర్చున్నట్టే ఉండేది.

బళ్ళు మార్చుకున్న రోజు పోతూ పోతూ టీచర్ ఒక మాట అంది. "కారు వచ్చా నీకు? రాకపోతే రా, నేర్పిస్తా. నా దగ్గర ఒక్కటే కారుంది, మారిపోదు."

వెళ్ళాను. చిన్న తెల్ల కారు. నేర్పేవాళ్ళ సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. నలభై రోజుల్లో నాకు కారు నీళ్ళు తాగినంత సులువుగా వచ్చేసింది. సందుల్లో తిప్పాను, రైలు వంతెన ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించాను. పరీక్ష రోజు అధికారి వెనక కూర్చుని రాసుకున్నాడు, టీచర్ నా పక్కన కూర్చుంది. లైసెన్సు వచ్చింది.

ఆ ఆదివారమే అన్నయ్య కొత్తగా కొన్న పాత కారు తీసుకుని, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అదే వంతెన ఎక్కాను. ముందు బండి ఆగితే ఆపాను. కదిలిద్దామంటే కారు వెనక్కి జారింది. బ్రేకు, క్లచ్, మళ్ళీ బ్రేకు. ఇంజను ఆగిపోయింది. వెనక వ్యాను డ్రైవరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అన్నయ్య హ్యాండ్ బ్రేకు లాగి నా వైపు చూశాడు.

"నీకు లైసెన్సు ఎలా ఇచ్చారే?"

నాకూ అదే సందేహం. నలభై రోజులు ఆ కారు నడిపింది నేనా, ఆమె కాళ్ళా? తిన్నగా టీచర్ దగ్గరికి వెళ్ళి అడిగేశాను.

"నిజం చెప్పండి టీచర్. మీరెన్నిసార్లు నొక్కారు?"

"మొదట్లో నొక్కేదాన్ని. తర్వాత ఎప్పుడు మానేశానో నాకే తెలీదు."

"పరీక్ష రోజు?"

"ఒట్టు, గుర్తులేదమ్మాయ్. ఇంట్లో మా ఆయన నడుపుతున్నా నా కాలు కిందకి పోతుంది."

అబద్ధమాడి ఉంటే కోపమైనా వచ్చేది. మర్నాడు అన్నయ్య కారులో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని వంతెన దగ్గరికి వెళ్ళాను. ఎత్తు మధ్యలో బళ్ళు ఆగాయి. ఓరగా చూశాను. ఆమె కాలు కిందనున్న రబ్బరు పట్టాను గట్టిగా నొక్కుతోంది. తన కాలును తనే చూసుకుని గతుక్కుమంది.

"హ్యాండ్ బ్రేకు వెయ్. నాకిక్కడ చిన్న పనుంది," అని దిగి, తలుపేసింది. ఇనుప కటకటాలు తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

ముందు బండి కదిలింది. వెనక లారీ హారన్ మోగింది. ఆ క్షణంలో నేనేం చేశానో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా గుర్తుకు రాదు. కారు ముందుకు పోయింది.

వంతెన పైన పక్కకు ఆపుకుని చూస్తున్నాను. కాసేపటికి టీచర్ రొప్పుతూ వచ్చింది.

"ఎలా ఎక్కావ్?"

"ఏమో టీచర్. ఏ కాలు ఎప్పుడు తీశానో తెలీదు."

"నాకూ ఇప్పటికీ తెలీదు," అంది తలుపు తీస్తూ. "నేర్పుతా గానీ."

లోపల కూర్చుని, కాళ్ళు రెండూ సీటు కిందికి లాక్కుని, పోనివ్వమన్నట్టు చెయ్యి ఊపింది.