కోచ్ లేని కాలేజీ

కుర్రాళ్ళను తమ జట్టులోకి అడగడానికి ఫుట్‌బాల్ కోచ్‌లు ఇంటికి వస్తే భోజనం పెట్టడం మా వైపు మర్యాద. మనిషిని నమ్మాలా వద్దా అన్నది వాడి పళ్ళెం చూసి తేల్చుకుంటాం. మా మనవడు లెవాండర్ కోసం ముగ్గురు వచ్చారు. ఒకాయన కోడి వేపుడు మీద చర్మం ఒలిచి పక్కన పెట్టాడు. ఇంకొకాయన తింటున్నంతసేపూ ఫోన్ చూసుకున్నాడు. మా ఊరి టాలో క్రీక్ కాలేజీ కోచ్ హాస్కెల్ టూమీ మాత్రం ఆకుకూర మారు వడ్డించుకుని, మొక్కజొన్న రొట్టె ముక్కతో పళ్ళెం తుడుచుకు తిని, దాన్ని తనే కడిగి పెట్టాడు.

"మీ వాణ్ణి నాకివ్వండి, మిస్ ఒరీలియా," అన్నాడు.

"వాడి నాన్న పోయాడు. పెంచిన తాతా పోయాడు. నువ్వు కూడా మధ్యలో వదిలేసి పోతే వాడికి నేనేం చెప్పుకోవాలి?"

"నేనెక్కడికి పోతానమ్మా? వాడి చేతికి డిగ్రీ వచ్చేదాకా ఇక్కడే ఉంటా."

ఆ మాట మీద నేను పెద్ద యూనివర్సిటీలను వద్దన్నాను. లెవాండర్ కూడా సరే అన్నాడు.

ఆ ఏడు టాలో క్రీక్ జట్టు ఎన్నడూ లేనట్టు ఆడింది. ఒక్క ఆట తప్ప అన్నీ గెలిచింది. డిసెంబరు వచ్చేసరికి పక్క రాష్ట్రంలో ఒక పెద్ద యూనివర్సిటీ తన కోచ్‌ను తీసేసి టూమీ మీద కన్ను వేసింది. మా హైస్కూలు కుర్రాళ్ళు ఏ కాలేజీ జట్టులో చేరేదీ తేల్చి సంతకాలు పెట్టాల్సిన బుధవారం దగ్గర పడింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద ఇదే గొడవ. మంగలి క్లీటస్ తెల్లారకముందే వెళ్ళి చిన్న విమానాలు దిగే చోట కాపు కాశాడట.

"తెల్ల విమానం దిగింది. టూమీని ఎత్తుకుపోడానికే అనుకుని కారు అడ్డం పెట్టా," అన్నాడు.

"దిగిందెవరు?" అంది నా నేస్తం ఎర్నెస్టీన్.

"పత్తి పురుగు మందులు అమ్మేవాడు. నాకూ ఒక డబ్బా అంటగట్టబోయాడు."

అందరూ నవ్వారు.

"అయినా ఉప్పు తిన్న చోట విశ్వాసం ఉండొద్దూ?" అన్నాడు క్లీటస్. "నేనైతే పోను. నా కుర్చీ ఇక్కడుంది."

"నిన్నెవడు పిలిచాడని!" అంది ఎర్నెస్టీన్.

చర్చి పెద్ద డీకన్ ఫ్లాయిడ్ కర్ర ఊతంగా నిలబడి అన్నాడు: "ముందున్న కోచ్ ఓడిపోతే ఆయన ఇంటి ముందు 'ఇల్లు అమ్మకానికి' అని బోర్డు పాతిందెవరు, క్లీటస్? నువ్వు కాదూ?"

"సరదాకి పాతాం లెండి."

"ఆయన భార్య ఏడ్చింది. ఓడితే మనం తరిమేస్తాం, గెలిస్తే కట్టేస్తామంటాం. ఎద్దుకు కూడా ఇంతకన్నా న్యాయం ఉంటుంది."

డీకన్ మాట నిజమేనని నాకు తెలుసు. మా ఆయన ముప్పై ఏళ్ళు పనిచేసిన కుర్చీల ఫ్యాక్టరీ ఇంకో చోట కూలి తక్కువని అక్కడికి తరలిపోయినప్పుడు విశ్వాసం ఊసు ఎవరూ ఎత్తలేదు. మనిషి మంచి పనికి పోవడం తప్పు కాదు. కానీ టూమీ మాటిచ్చింది నాకు. దాన్ని నమ్మి మనవడి నాలుగేళ్ళు అప్పగించబోతున్నాను.

సోమవారం సాయంత్రం చెప్పకుండానే టూమీ ట్రక్కు వచ్చి మా వాకిట్లో ఆగింది. లోపలికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"వెళ్తున్నానమ్మా. రేపు అందరికీ తెలుస్తుంది. ముందు మీకు చెప్పాలని వచ్చా."

"ఎక్కడికీ పోనన్నావే."

"అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను."

నాకు కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అతను కోటు లోంచి కొత్త యూనివర్సిటీ ఎర్ర టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"వాణ్ణి నాతో తీసుకెళ్తా. చదువు ఖర్చంతా వాళ్ళదే. అక్కడైతే వాడి ఆట దేశమంతా చూస్తుంది. మీకిచ్చిన మాట అలాగైనా నిలబెట్టుకుంటా."

మంచి దారే అనిపించింది. మనిషి వెంటే పిల్లాడు పోతే మాట తప్పినట్టు కాదుగా. "నువ్వేమంటావురా?" అని గుమ్మంలో నిలబడి వింటున్న లెవాండర్ వైపు తిరిగాను.

వాడు టోపీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కోచ్ చేతికే ఇచ్చేశాడు.

"నేను టాలో క్రీక్‌లో చేరతానంది మీ కోసం కాదు సార్."

"మరి?" అన్నాడు టూమీ.

"కాలేజీ చూడ్డానికి రమ్మన్నారు కదా. మీరు స్టేడియం చూపించారు. తర్వాత నేను కాలేజీ పశువుల కొట్టానికి పోయా. అక్కడ ఒక టీచరమ్మ ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడను బయటికి లాగుతోంది. నన్ను దాని కాళ్ళు పట్టుకోమంది. నాకు ఆ పశువైద్యం చదువు కావాలి. మీ కొత్త చోట అది లేదు, ఊళ్ళో మాట పుట్టినప్పుడే చూశా."

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"నువ్వు కోచ్ గారినే అడిగావు నానమ్మా. నన్నడగలేదు."

టూమీ టోపీని మళ్ళీ కోటు లోపల పెట్టుకున్నాడు. లెవాండర్ అడిగాడు: "మీకు సరేనన్న మిగతా కుర్రాళ్ళ ఇళ్ళకి వెళ్ళారా?"

"ఫోన్ చేద్దామని..."

"టన్‌స్టాల్ వాళ్ళమ్మ ఫోన్ ఎత్తదు. వాకిట్లో మిమ్మల్ని ఒక్కరినే చూస్తే తలుపూ తియ్యదు. నేనొస్తా పదండి."

ఇద్దరూ ట్రక్కెక్కి వెళ్ళారు.

బుధవారం హైస్కూలు ఆవరణలో బల్లలు వేసి, పిల్లల ముందు వాళ్ళు చేరబోయే కాలేజీల టోపీలు పెట్టారు. టాలో క్రీక్‌కు ఇంకా కొత్త కోచ్ దొరకలేదు. అక్కడ చేరతామన్న వాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు వేరే టోపీలు పెట్టుకున్నారు. వాళ్ళను ఎవరూ తప్పు పట్టలేదు.

"కోచే లేడు, ఎవరికి సంతకం పెడతావురా? మైదానంలో గడ్డికా?" అని అరిచాడు క్లీటస్ వెనక నుంచి.

"దూడలకి గడ్డి కావాలిగా బాబాయ్!"

జనం నవ్వుతుండగానే లెవాండర్ సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపాడు. కింద పెద్దవాళ్ళు పెట్టాల్సిన చోటు ఉంది. "ఇదే కావాలా?" అని వాణ్ణే అడిగాను. తల ఊపాడు. నేనూ పెట్టాను.